శుక్రవారం కృతజ్ఞతా గంట

మెట్ల కింద గది, అంధుల బడి
జూలై 8

పిన్నికి,

నువ్వు చెప్పినట్టే ఉత్తరం రాస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవికి ఫోను తగిలించుకుని, ముక్కూ మొహం తెలియని దాతలకి థాంక్స్ చెప్పే ఉద్యోగం నీది. ఇంటికొచ్చాక మళ్ళీ ఫోను మోగితే గోడకేసి కొట్టాలనిపిస్తుందన్నావు. సరే, నాకూ ఇదే నయం. మాట్లాడితే మధ్యలో అడ్డం వస్తావు.

నువ్వు సిఫార్సు చేసిన ఈ బడిలో నన్ను గుమాస్తా అంటున్నారు. అబద్ధం. నేను దీపాలు వెలిగించేవాణ్ణి. ఎలాగో విను.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాకా ఇక్కడ ‘కృతజ్ఞతా గంట’. పై తరగతుల పిల్లలు నలభై మందిని హాల్లో కూర్చోబెడతారు. మందపాటి కాగితం పలకలో బిగించి, సూదితో చుక్కలు గుచ్చి, తలా రెండు ఉత్తరాలు దాతలకి బ్రెయిలీలో రాయాలి. హాలంతా టకటకమని రేకుల మీద వడగళ్ళు పడుతున్నట్టుంటుంది. గంట కొట్టగానే ఎనభై ఉత్తరాలు నా బల్ల మీద పడతాయి. దాతలకి బ్రెయిలీ రాదు కాబట్టి ప్రతిదానికీ మామూలు అక్షరాల్లో ‘అనువాదం’ టైపు చేసి జతపరచాలి. ఆ పని నాది. నాకూ బ్రెయిలీ రాదు! చేరిన రోజే కార్యదర్శి మేడంతో ఆ మాట అన్నాను. “రాకపోతేనే మంచిది బాబూ, పని త్వరగా తెములుతుంది” అని సొరుగులోంచి నాలుగు నమూనాలు తీసి ఇచ్చింది.

మొదటిది: ‘మీ దయ నా చీకటి బతుకులో దీపం వెలిగించింది.’ రెండోది అదే, దీపం బదులు జ్యోతి. మూడోదాంట్లో కాగడా. నాలుగోది ఉన్నవాళ్ళకి, అందులో సూర్యుడు.

పుట్టినప్పటి నుంచి చూపు లేని పిల్లకి చీకటేమిటి, దీపమేమిటి? అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. నేను వారానికి ఎనభై వెలిగిస్తున్నాను. నిన్న మెట్ల వాలు తలకి తగిలి బొప్పి కట్టింది. ఆ కోపం కూడా ఈ వ్యవస్థ మీదే ఉంది. కృతజ్ఞత అనేది ఇచ్చినవాడి కాళ్ళ కింద వేసే ఇంకో పీట. పీట మీద పీట వేసి వాణ్ణి ఎత్తుకి లేపడం, ఆ ఎత్తు చూసి మనమే దణ్ణం పెట్టడం! దీని మీద ఒక కరపత్రం రాయాలనుకుంటున్నాను.

నీ అక్క కొడుకు

*

ఫోన్ల హాలు, మూడో అంతస్తు
జూలై 19

ఒరేయ్ కరపత్రం,

బొప్పికి ఏమైనా రాశావా? వ్యవస్థ మీద కోపం తర్వాత, ముందు వంగి నడవడం నేర్చుకో.

నీ దీపాల కథ చదివి మా పక్క కుర్చీ ఆవిడా నేనూ తెగ నవ్వాం. ఇక్కడ మా సంగతి విను. ప్రతి కుర్చీ ముందూ అరచేతంత అద్దం అతికించారు. నవ్వుతూ మాట్లాడుతున్నామో లేదో చూసుకోవాలట, నవ్వు ఫోన్లో వినిపిస్తుందట. రోజుకి వందసార్లు నన్ను చూసి నేనే పళ్ళికిలిస్తున్నాను. “నమస్కారమండీ, మీరు చేసిన సాయానికి కృతజ్ఞతలు చెప్పడానికే చేశాను, ఏమీ అడగడానికి కాదు.” ఈ చివరి ముక్క వినగానే వాళ్ళకి ఎక్కడ లేని అనుమానం వస్తుంది. మొన్న ఒకాయన “ఏమీ అడక్కపోతే ఎందుకు చేశావమ్మా?” అన్నాడు. నాకూ తెలియక అద్దంలో చూసుకున్నాను.

జీతం వస్తోంది. నీకూ వస్తోంది. వేళకి తిను. దీపాలు వెలిగించి మాట్లాడకుండా ఇంటికెళ్ళు. కరపత్రాలు చదివి ఎవడి కడుపూ నిండలేదు, వేసినవాడిది తప్ప.

పిన్ని

*

మెట్ల కింద గది
ఆగస్టు 24

పిన్నికి,

నాకు బ్రెయిలీ వచ్చేసింది. గోడ మీద పటం చూసి ఐదు వారాల్లో నేర్చుకున్నాను. వేళ్ళతో కాదు, కళ్ళతో. వెలుతురు పక్క నుంచి పడేలా కాగితం పట్టుకుంటే చుక్కల నీడలు కనిపిస్తాయి.

గత శుక్రవారం ఎనభై ఉత్తరాలూ చదివాను పిన్నీ. ఎనభైలో కృతజ్ఞత చెప్పినవి ఎన్నో ఊహించు. రెండు. ఆ రెండూ కొత్తగా చేరిన ఒక పిల్లవాడివి.

ఒకడు పేజీ నిండా ‘అ’ గుచ్చాడు. ఒకడు, “మా వార్డెన్ చెప్పులు కిర్రుమంటాయి, అందుకే మేం ఎప్పుడూ దొరకం” అని బ్యాంకు మేనేజరుకి చెప్పుకున్నాడు. ఒకమ్మాయి తన స్నేహితురాలితో తగవుపడి, ఆ తిట్లన్నీ పళ్ళ డాక్టరు చిరునామాకి పంపింది. అన్నింటికంటే గొప్పది ముల్లుది. ముల్లు అంటే ఆఖరి తరగతి పిల్ల, పదహారేళ్ళు. ఆ నోటికి భయపడి బడి పెట్టిన పేరు అది. ఆమె ఉత్తరం పరుపుల కంపెనీ యజమానికి. మన పెద్ద దాత, ఏడాదికోసారి వచ్చి పిల్లలందరి తలలూ నిమిరి పోతాడు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

“పరుపులాయనా, మాకు కళ్ళు లేవు కానీ చెవులు బాగానే ఉన్నాయి, అరవకు. మా తల మీద చెయ్యి పెట్టకు, నీ చెయ్యి ఎప్పుడూ తడిగా ఉంటుంది. నువ్వు వచ్చిన రోజున మాకు రెండు పీరియడ్లు పోతాయి. నువ్వు రాని సంవత్సరం మంచి సంవత్సరం.”

దీనికి మేడం నాలుగో నమూనా వెయ్యమంది. సూర్యుడు! కిందటేడు ముల్లు రాసినది ఆయన షోరూంలో బంగారు రంగు ఫ్రేములో వేలాడుతోందట. అందులో ఏముందో దేవుడికే తెలియాలి.

నవ్వకు, అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. ముల్లుతో కలిపి ఏడుగురికి ఫిబ్రవరిలో పెద్ద పరీక్ష. ఈ ఏడు లెక్కల పుస్తకం మారింది. కొత్తది బ్రెయిలీలో లేదు. ఎవరైనా చదివి వినిపిస్తే పిల్లలే గుచ్చుకోవాలి. చదవడానికి నేను సిద్ధం. కాగితం లేదు! మందపాటి కాగితమంతా ‘దాతల సంబంధాలు’ అని రాసిన బీరువాలో ఉంది, తాళం మేడం దగ్గర. పాఠాలకి అడిగితే “వచ్చే ఏడు చూద్దాం” అంది. వచ్చే ఏడు ముల్లు ఉండదు. లెక్కల్లో తప్పితే పదహారు దాటిన పిల్లని కుర్చీలు అల్లే షెడ్డుకి పంపిస్తారు, గెలిస్తే కాలేజీ హాస్టలు. మధ్యలో ఉన్నది ఆ పుస్తకానికి పట్టే ఆరు వందల కాగితాలు. వాటి మీద వారం వారం నాకు తెలిసీ తెలిసీ దీపాలు వెలుగుతున్నాయి.

నా రక్తం ఉడికిపోతోంది.

నీ అక్క కొడుకు

*

ఇంట్లో, కిటికీ దగ్గర
సెప్టెంబరు 3

ఒరేయ్,

‘నీ చెయ్యి ఎప్పుడూ తడిగా ఉంటుంది’ దగ్గర కళ్ళల్లో నీళ్ళొచ్చాయి నవ్వి నవ్వి. ఆ పిల్లని మా హాల్లో కూర్చోబెట్టాలి.

అయితే ఒక మాట. చదివావు, బాగానే ఉంది. మడిచి కవర్లో పెట్టెయ్. అది నీకు రాసింది కాదు.

ఇంకో సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ నీ బీరువా సంగతి విన్నాక చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మూడేళ్ళ కిందట మా ఆఫీసు ఒక పరీక్ష పెట్టింది. దాతల జాబితాని చీట్లు తీసినట్టు రెండు సగాలు చేశారు. ఒక సగానికి ఫోన్ చేసి థాంక్స్ చెప్పాం. రెండో సగానికి చెయ్యలేదు. ఏడాది ఆగి చూస్తే ఇచ్చేవాళ్ళు ఇచ్చారు, మానేసేవాళ్ళు మానేశారు. ఈ సగానికీ ఆ సగానికీ వెంట్రుకంత తేడా లేదు. పరీక్షకి ముందు మమ్మల్నందర్నీ అడిగారు, ఎంత పెరుగుతుందనుకుంటున్నారని. నేను బోలెడు పెరుగుతుందన్నాను. అందరం అలాగే అన్నాం. పెద్దసారు ఫలితం చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “సరే, నలభై కుర్చీలు కొన్నాం కదా” అన్నాడు. మర్నాటి నుంచి మళ్ళీ అద్దాలు.

ఇది నీ కరపత్రంలోకి ఎక్కించావో, చెవి మెలేస్తాను.

పిన్ని

*

మెట్ల కింద గది
సెప్టెంబరు 9

పిన్నీ!

రెండేళ్ళు! రెండేళ్ళుగా ఇంత నిజాన్ని చీర కొంగున కట్టుకుని తిరుగుతున్నావా? చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే అని తెలిసి కూడా అద్దంలో పళ్ళికిలిస్తున్నావా? సిగ్గనిపించలేదూ?

నేను మీ పెద్దసారులా జేబులో పెట్టుకునేవాణ్ణి కాదు. ఇక్కడ దాతల జాబితాకి సరి సంఖ్యలూ బేసి సంఖ్యలూ ఉన్నాయి. సరి సంఖ్యలకి ఎప్పటిలా దీపాలు. బేసి సంఖ్యలకి ఇక నుంచి పిల్లలు రాసింది రాసినట్టు, ఇంకా పంపని ఆ ఎనభై ఉత్తరాలతోనే మొదలు. రెండు నెలలు చూస్తాను. నిజానికి రేటెంతో, అబద్ధానికి రేటెంతో లోకానికి చూపిస్తాను. తేడా లేదని తేలితే బీరువా తాళం పగలగొట్టే హక్కు పిల్లలకి వస్తుంది.

పరుపులాయనది నూట పదిహేడు. బేసి.

నీ అక్క కొడుకు

*

ఫోన్ల హాలు
సెప్టెంబరు 15

ఒరేయ్,

సిగ్గు సంగతి అడిగావు. నీ కాలేజీ మూడేళ్ళూ, నీ కళ్ళజోడూ, ఆ కరపత్రాలు కొనుక్కున్న చిల్లరా ఈ అద్దం ముందు పళ్ళికిలించి తెచ్చినవే. మీ అమ్మ పోయాక ఇంకో ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు. ఇది చదివి నాకు థాంక్స్ చెప్పడానికి బయల్దేరకు. చెప్పినా చెప్పకపోయినా పంపేది పంపుతూనే ఉంటాను. మా ఆఫీసు పరీక్షలో తేలింది కూడా అదే.

ఆ బేసి సంఖ్యల పని మానుకో. పరీక్షలు పెట్టడానికి పెద్దసార్లున్నారు, వాళ్ళకి పోయేదేమీ ఉండదు. ఆ పిల్లకుంటుంది.

పిన్ని

*

మెట్ల కింద గది
నవంబరు 18

పిన్నికి,

రెండు నెలలైంది. ఫలితం: సున్నా. సరి సంఖ్యలు ఎంత పంపాయో బేసి సంఖ్యలు అంతే పంపాయి. వార్డెన్ చెప్పుల ఉత్తరం అందిన బ్యాంకు మేనేజరు ఎప్పటిలాగే పంపాడు. పళ్ళ డాక్టరు తనవి కాని తిట్లన్నీ తిని ఎప్పటిలాగే పంపాడు. నిజం చెప్పినా లెక్కలేదు, అబద్ధం చెప్పినా లెక్కలేదు. ఎందుకంటే ఒక్కడూ కవరు విప్పలేదు! బ్యాంకు దానంతటదే నెల నెలా కోస్తుంది, వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మంచివాళ్ళైపోతారు. ఇన్నేళ్ళ కృతజ్ఞతా గంటలు, ఇన్ని వేల చుక్కలు, పిల్లల వేళ్ళ నొప్పులు, అంతా ఎవరి చెత్తబుట్టలోనో. నేను మేడం బల్ల మీద ఆ లెక్క పెట్టి గట్టిగా ఒక మాట అందామనుకున్నాను.

అనలేకపోయాను. ఒక్కడు విప్పాడు.

పరుపుల షోరూం పాతికేళ్ళ పండుగట. ఆయన అతిథులందరి ముందూ స్టేజీ ఎక్కి, “మా పిల్లలు నాకేం రాశారో వినండి” అని మైకులో కవరు చింపి చదివాడట. ‘అరవకు’ అనే మాట మైకులో అరిచాడు. ‘నీ చెయ్యి ఎప్పుడూ తడిగా ఉంటుంది’ దాకా వచ్చి ఆగాడట. వెనక వరసలో ఎవరో పకపకా నవ్వారట.

మర్నాడు ఇక్కడికి వచ్చాడు. మేడం ముల్లుని పిలిచింది. నేనూ వెళ్ళి, పంపింది నేనేనన్నాను. ఆయన నా వైపు చూడనే లేదు. ఆయన కోపానికి తగిన స్థాయి కూడా గుమాస్తాకి లేదు. “ఈ పిల్ల రాసిందా లేదా?” అని అరిచాడు.

ముల్లు, “రాశాను. మీకు వినిపించేలా రాయలేదు” అంది.

ఆమె పలకా సూదీ మేడం లాగేసుకుంది. క్షమాపణ చెప్పేదాకా పరీక్ష దరఖాస్తు మీద సంతకం పెట్టనంది. డిసెంబరు పదికి గడువు.

వరండాలో ఆమె దగ్గరికెళ్ళాను. నిజం బయటపెట్టానని చెప్పబోయాను.

“మీరు చదివారా సార్?”

“చదివాను.”

“కళ్ళతోనా?”

“అవును.”

“చేరిన ఏడాది మేమందరం కాగితం అడిగాం. ప్రతి ఉత్తరంలోనూ. ఎవరూ పంపలేదు. అప్పుడు తెలిసింది, వీటినెవరూ చదవరని. వారానికి ఒక్క గంట మా ఇష్టమొచ్చింది రాసుకునేవాళ్ళం. ఆ గంట కూడా మీకు కావాల్సొచ్చింది.”

“నీ కోసమే చేశాను” అన్నాను.

“థాంక్స్ సార్” అంది. పిన్నీ, ఆ మాటని అంత అసహ్యంగా అనడం ఎక్కడా వినలేదు.

నీ అక్క కొడుకు

*

ఇంట్లో
నవంబరు 23

బాబూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పిల్లని ఒక్కసారైనా అడిగావా, పంపనా అని? ఉత్తరమంతా వెతికాను. అడిగినట్టు లేదు. నీ కరపత్రాల్లో ప్రజలు, ప్రజలు అని నూరుసార్లు ఉంటుంది, ఒక్కసారైనా ఆ ప్రజల్ని పిలిచి అడుగుతారా, అయ్యా ఇలా చేద్దామనుకుంటున్నాం, మీకు ఇష్టమేనా అని? పరుపులాయన ఆమె తల నిమిరాడు, నువ్వు ఆమె ఉత్తరం నిమిరావు. చెయ్యి నీదీ తడిగానే ఉంది.

ఇప్పుడు ఏడుస్తూ కూర్చోకు. ఏం చేస్తే ఆ సంతకం పడుతుందో కనుక్కో.

పిన్ని

*

మెట్ల కింద గది
నవంబరు 29

పిన్నికి,

కనుక్కున్నాను. మేడం ఒక దారి చెప్పింది. నాకు బ్రెయిలీ సరిగ్గా రాదనీ, అనువాదం తప్పు చేశాననీ, ఆ పిల్ల నిజంగా రాసింది సూర్యుడి గురించేననీ నేను రాసివ్వాలి. ముల్లు బయటపడుతుంది. నన్ను పంపించేస్తారు.

ఉద్యోగం పోతే పోనీ. కానీ నేను ఈ జీవితంలో రాసిన ఒకే ఒక్క నిజమైన అనువాదాన్ని అబద్ధమని నా చేత్తో రాయాలా? రేపు ఈ దేశంలో ఏ దాత ముందైనా ఎవరైనా నిజం చెబితే, అది గుమాస్తా పొరపాటని కొట్టెయ్యడానికి నా సంతకం పనికొస్తుంది. రాయను. సత్యం ఒక్కసారి మోకాళ్ళ మీద కూర్చుంటే...

నీ అక్క కొడుకు

*

ఫోన్ల హాలు
డిసెంబరు 2

సత్యం మోకాళ్ళకి ఏమీ కాదు. గడువు పదో తారీఖు. రాసివ్వు.

పిన్ని

*

మెట్ల కింద గది
డిసెంబరు 20

పిన్నికి,

రాసిచ్చాను. ‘నా అజ్ఞానం వల్ల’ అని మొదలుపెట్టాను. ఆ ముక్క వరకూ అబద్ధం కాదని రాస్తుంటే తెలిసింది. మేడం దరఖాస్తు మీద సంతకం పెట్టింది, ముల్లు పలకా సూదీ తిరిగిచ్చింది. నాకు ఫిబ్రవరి నెల మధ్య దాకా గడువిచ్చింది, కొత్త గుమాస్తా దొరికేదాకా దీపాలెవరు వెలిగిస్తారని.

ముల్లుకి చెబితే మండిపడింది. “నేను రాసింది నేను రాయలేదని చెప్పడానికి మీరెవరు సార్? ముందు అడక్కుండా పంపారు. ఇప్పుడు అడక్కుండా వెనక్కి తీసుకున్నారా?” అంది. అంతా నోరు మూసుకుని విన్నాను. నువ్వు చూస్తే నమ్మవు.

అసలు తమాషా ఆ తర్వాత. పరుపులాయన నా కాగితం చదివి మెత్తబడ్డాడు కానీ తృప్తి పడలేదు. షోరూంలో పాత ఫ్రేము తీయించేశాడట, గోడ మీద ఫ్రేము ఉన్న మేర చతురస్రం మరకలా మిగిలిందట. “నాకు చుక్కల ఉత్తరమే కావాలి. పశ్చాత్తాపంతో” అన్నాడు. మేడం ముల్లుని ఆయన ముందుకే పిలిపించింది. నన్ను పక్కన నిలబెట్టారు, సిగ్గుపడటానికి.

“ఒక్క పేజీ చాలమ్మా” అంది మేడం.

ముల్లు తల వంచుకుని, ఎప్పుడూ లేనంత మెత్తగా మొదలుపెట్టింది. “రాస్తాను మేడం. కానీ ఒక్క పేజీ తప్పులేకుండా రావాలంటే ఎన్ని పాడవుతాయో మీకు తెలియదు. సూది ఒక్కసారి జారితే చెరపడానికి ఉండదు.”

“తప్పున్నా ఆయనకి తెలుస్తుందా ఏమిటి?” అంది మేడం గొంతు తగ్గించి.

“ఆయనకి తెలియదు మేడం. కానీ గోడ మీద పెడతారు. చదవడం వచ్చినవాడు ఎవడో ఒకడు రాకపోడు. మొన్న ఈయన చదవలేదూ?” అని ముక్కుతో నా వైపు చూపించింది.

మేడం మొహంలో రంగు మారింది. పరుపులాయన గంభీరంగా తలాడించాడు.

“పైగా నేనొక్కదాన్నే చెబితే ఏం బాగుంటుంది? తలకాయలన్నీ నిమిరారు కదా. మా తరగతి ఏడుగురం అభ్యాసం చేసి, అందులో మంచిది ఒకటి ఇస్తాం.”

“ఎన్ని కావాలి?” అంది మేడం, తాళం చెవి నలుపుకుంటూ.

“ఆరు వందలు.”

“ఆరు వందల కాగితాలు! ఒక్క క్షమాపణకా?”

“చిన్న తప్పు కాదు కదా మేడం” అంది ముల్లు.

పిన్నీ, బీరువా తెరవనే లేదు. పరుపులాయన పొంగిపోయి కాగితం తానే పంపిస్తానన్నాడు. తన మనసు నొప్పించినందుకు ఆరు వందల కాగితాల పశ్చాత్తాపమా అని. మూడో రోజున ఆయన కంపెనీ వ్యాన్లో, పరుపుల మీద పెట్టి, రెండు కట్టలు వచ్చాయి. నేను మోసుకొచ్చి తరగతిలో దించాను. ముల్లు కట్ట మీద అరచెయ్యి పెట్టి అంచు వెంట ఒకసారి నడిపించింది.

“లెక్కల పుస్తకం తెచ్చారా సార్?” అంది. అంతే. మరో మాట లేదు.

నీ అక్క కొడుకు

*

ఇంట్లో
జనవరి 4

ఒరేయ్,

ఈ కథ మా హాల్లో చెప్పాను. నలభై కుర్చీలూ ఒక్కసారిగా నవ్వితే, అద్దాలన్నింట్లో నిజం నవ్వులు కనిపించాయి చాలా రోజులకి. పెద్దసారు వచ్చి ఎవరితో మాట్లాడుతున్నారని అడిగాడు.

ఇంతకీ ఆ పిల్ల క్షమాపణలో ఏం రాసింది? ఒక్క ముక్క కూడా వదలకుండా రాయి. నేను ఎవరికీ చెప్పను, పక్క కుర్చీ ఆవిడకి తప్ప.

పిన్ని

*

మెట్ల కింద గది
ఫిబ్రవరి 12

పిన్నికి,

ఆలస్యమైంది. జనవరంతా రోజూ మూడు నుంచి ఐదు దాకా ‘క్షమాపణ అభ్యాసం’. నేను లెక్కల పుస్తకం చదువుతాను, ఏడుగురూ వంతులేసుకుని గుచ్చుతారు. వరండాలో మేడం చెప్పుల చప్పుడు నాకంటే ముందు వాళ్ళకి వినిపిస్తుంది. ఎవరో ఒకరు దగ్గుతారు. వెంటనే నేను గొంతు మార్చి క్షమాపణ మాటలు చదవాలి. ఒకరోజు దగ్గు ఆలస్యమై, “ఒక వృత్తం వ్యాసార్థం ఏడు, మీ విశాల హృదయం చుట్టుకొలత ఎంత?” అని వచ్చేసింది. మేడం గుమ్మంలో ఆగి, “బాగుంది, కవిత్వంలా ఉంది” అని వెళ్ళింది.

పుస్తకం పోయిన వారం పూర్తయింది. నాలుగు సంపుటాలు. అంచులు సరిగ్గా లేవు, దారంతో కుట్టాం. ఆరు వందల్లో ఒక్క కాగితం మిగిల్చింది ముల్లు. అది పరుపులాయనకి.

అందరూ వెళ్ళాక కూర్చుని రాసింది. పావుగంట పట్టింది. తెచ్చి నా బల్ల మీద బోర్లా పెట్టి, దాని మీద చెయ్యి ఉంచింది.

“అనువాదం ఏం టైపు చెయ్యను?” అన్నాను.

“మీ సొరుగులో ఉన్నవాటిలో పెద్దది.”

కిటికీ పక్క నుంచి వెలుతురు ఏటవాలుగా పడుతోంది. బోర్లా ఉన్నా గుంటలు కనిపిస్తాయి, తిరగేసి చదవడం నాకు వచ్చు. నేను లేచి కిటికీ రెక్క వేశాను. ఆ చప్పుడు విని ఆమె చెయ్యి తీసింది. కవర్లో పెట్టి అంటించేశాను. అంచేత పిన్నీ, నీకూ పక్క కుర్చీ ఆవిడకీ చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. షోరూంలో వేలాడదీశారట. కావాలంటే బ్రెయిలీ నేర్చుకుని వెళ్ళి చూసుకో.

రేపటితో నా ఉద్యోగం సరి. కృతజ్ఞతా గంట మాత్రం నడుస్తుంది, ఎవరూ ఆపరు. నేను మేడం బల్ల మీద సరి బేసి లెక్క పెట్టాను కూడా. చూసింది, మడిచి పర్సులో పెట్టుకుంది. మీ పెద్దసారుకి బంధువేమో కనుక్కో.

సోమవారం పరీక్ష. చూపులేని పిల్లలు జవాబులు నోటితో చెబితే పక్కన కూర్చుని రాసేవాడు ఒకడు ఉండాలి. వాడు లెక్కలు చదివినవాడు కాకూడదని నియమం. నా మార్కుల కాగితం చూపిస్తే వెంటనే ఒప్పుకుంటారని, వెళ్ళి ముల్లుని అడిగాను. ఈసారి అడిగాను పిన్నీ. నేను రాయనా, నీకు ఇష్టమేనా అని.

 ఆమె నన్ను కూర్చోబెట్టి, పెన్ను తీసుకోమంది. ఒక లెక్క చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. మధ్యలో “ఏడెనిమిదులు యాభై నాలుగు” అంది. చివరికొచ్చాక, చదవమంది. చదివాను.

“నేను యాభై నాలుగు అన్నాను. మీరు యాభై ఆరు చదివారు.”

“ఏడెనిమిదులు యాభై ఆరే కదా?”

“అది నాకూ తెలుసు సార్. చెప్పింది రాయడం వచ్చో రాదో చూశాను.”

 కరపత్రంలో పేజీన్నర రాయగల మాటలు నోటిదాకా వచ్చాయి. యాభై ఆరు కొట్టేశాను, పక్కన యాభై నాలుగు వేశాను. పెన్ను కాగితం మీద గీసిన చప్పుడు ఆమె విన్నది.

“మళ్ళీ చదవండి.”

“ఏడెనిమిదులు యాభై నాలుగు” అని చదివాను.

“సోమవారం తొమ్మిదింటికి రండి” అంది.

నీ అక్క కొడుకు